‘పట్టుకున్నాను’ అనేదాకా

ఆగస్టు 11

అక్కకి,

మందుల పడవ మధ్యాహ్నం వెనక్కి వెళ్తుంది. ఈలోగా ఈ నాలుగు ముక్కలూ రాసి సరంగు చేతిలో పెట్టాలి. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటుంది నీ మరదలు. ఫోనెత్తితే మనిద్దరికీ పోట్లాటే. ఉత్తరమైతే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు, నేను మధ్యలో పెట్టెయ్యలేను. పని సంగతులు కాగితం మీదే అని షరతు పెట్టింది నువ్వు. కట్టుబడి ఉన్నాను.

నువ్వు ఎంపిక చేసి పంపిన డాక్టరమ్మ వచ్చి చేరింది. మనిషి వచ్చినట్టు తెలిసింది గాని గొంతు ఎలా ఉంటుందో ఇంకా తెలియలేదు. ‘సరే సార్’, ‘చూస్తాను సార్’ అనే రెండు మాటలతో రోజు వెళ్ళదీస్తుంది. పెద్ద సిస్టర్ సంగతి నీకు తెలుసు, వార్డులో ఎవరికీ కన్నవాళ్ళు పెట్టిన పేరు మిగలనివ్వదు. ఈమెకు ‘ముంగి’ అని పెట్టేసింది. “ముంగిలా ఉండేవాళ్ళే ముంచుతారు డాక్టరుగారూ, చూసుకోండి” అని నాకు హెచ్చరిక కూడా.

ఇక్కడి అవసరం నీకు కొత్త కాదు. గాలి నెలలు మొదలైతే పడవలు ఆగిపోతాయి. గుండె మందగించి పడిపోయేవాళ్ళను నీళ్ళు దాటించి నీ దగ్గరకు చేర్చే దారి ఉండదు. పేస్‌మేకర్ పెట్టగల చేతులు ఈ ఒడ్డున నావే. నేను జ్వరమొచ్చి పడుకుంటే ఊళ్ళో నీరసపడ్డ గుండెలన్నీ నాతోపాటు పడుకోవాలి. అందుకే గాలి మొదలయ్యేలోగా ఆమెకు పని రావాలి. పేస్‌మేకర్ ఎవరికి అవసరమో తేల్చడం, పెట్టడం, పెట్టాక కనిపెట్టుకుని ఉండడం, మూడూ రావాలి. చివరి పరీక్ష నీది, సంతకం నీది. అందాకా నా కళ్ళెదుట తప్ప ఆమె కత్తి పట్టకూడదు. తెలుసు, మళ్ళీ రాయకు.

నీ సూత్రం మొదటి రోజే నేర్పాను. పేస్‌మేకర్‌నుంచి గుండెలోకి దించే తీగ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారేటప్పుడు ఇచ్చేవాళ్ళు ‘వదలొచ్చా?’ అని అడగాలి. అందుకునేవాళ్ళు ‘పట్టుకున్నాను’ అని పైకి అనాలి. ఆ మాట చెవిన పడేదాకా వేలు సడలకూడదు. నీ దగ్గర నేర్చుకునే రోజుల్లో ఇదేదో చిన్నపిల్లల ఆటలా ఉందని నేను నవ్వితే ఆ పూటంతా నన్ను గది బయట నిలబెట్టావు. ఈమె నవ్వలేదు.

మొదటి రోగిగా మోకుల తాతను అప్పగించాను. రేవులో పడవలకు మోకులు పేనే మనిషి, ఈమధ్య పడిపోతున్నాడు. నేనైతే ఈసీజీ చూసి అక్కడికక్కడే తేల్చేద్దును. ఆమె పక్కన స్టూలు వేసుకుని, పడకముందు ఏం చేస్తున్నావు, లేచాక మొదట ఏం కనిపించింది అంటూ కూర్చుంది. “పడ్డవాణ్ణి నన్నడిగితే ఏం తెలుస్తుందమ్మా, చూసినవాళ్ళనడుగు” అన్నాడు తాత. ఆమె లేచి రేవు దాకా నడిచి, చూసినవాళ్ళను అడిగి వచ్చింది.

ఇంకో విశేషం. నిన్న సైకిలు తీసుకెళ్ళి ఆసుపత్రి ప్రహరీకి గుద్దాను. దారి తడిగా ఉంది, జారింది. మోచెయ్యి గీసుకుంది. ఎదురుగా ఉన్న గోడ కనిపించని మనిషికి గుండె లోపలి గోడలు ఎలా కనిపిస్తాయో అని నీ మరదలు తన బళ్ళో టీచర్లందరికీ చెప్పి నవ్వించిందట.

సరంగు ఈల వేస్తున్నాడు.

నీ తమ్ముడు


ఆగస్టు 20

హడావుడి రాయుడికి,

నాన్న పెట్టిన పేరు ఊరికే పోలేదని నీ ప్రహరీ సాక్ష్యం చెబుతోంది. మోచేతికి ధనుర్వాతం సూది వేయించుకున్నావా? డాక్టర్ల ఇళ్ళలో మందులుంటాయి గాని వేసుకునేవాళ్ళుండరు.

ఆమె రేవు దాకా నడిచి వెళ్ళిందన్న వాక్యం రెండుసార్లు చదివాను. ఇక్కడ నేను నేర్పేదంతా అదే, పాఠ్యపుస్తకంలో మాత్రం దానికి అరపేజీ కూడా ఇవ్వరు. స్పృహ తప్పినవాడికి తాను స్పృహ తప్పిన సంగతి తెలియదు. ఆ కొద్ది క్షణాలు అతని లెక్కలోకి రావు. ముందు క్షణమూ తరువాతి క్షణమూ అతుక్కుపోతాయి, నేనెక్కడా ఆగలేదని ఒట్టు పెట్టుకుని చెబుతాడు. అతను అబద్ధమాడటం లేదు. అందుకే మనకు చూసిన మనిషి కావాలి, లయను రాసే యంత్రం కావాలి. ఆ రెండూ ఒకే మాట చెప్పినప్పుడు పేస్‌మేకర్ రాయాలి. తొందరపడి రాస్తే అక్కరలేని మనిషి ఒంట్లో జీవితాంతం ఒక యంత్రం ఉండిపోతుంది. ఆలస్యం చేస్తే మనిషే ఉండడు. ఈ రెంటి మధ్య నిలబడటం చేతికి నేర్పగలిగిన విద్య కాదు. ఆమెకు అది చెప్పకుండానే వచ్చినట్టుంది.

మాట తక్కువని చిన్నచూపు చూడకు. నీ దగ్గర మాట్లాడే అవకాశం ఎవరికి దొరుకుతుంది కనుక?

ఇక్కడ ఈసారి ఆరుగురు నేర్చుకుంటున్నారు. సాధన చేసే ప్లాస్టిక్ ఛాతీకి ‘బాబాయ్’ అని పేరు పెట్టారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా బాబాయ్ గుండెలోకి తీగలు దిగుతూనే ఉంటాయి. నిన్న ఒకడు తీగను దించకూడని చోట దించి, “బాబాయ్ ఏమీ అనుకోలేదు మేడమ్” అన్నాడు. బాబాయ్‌తో ఉన్న చిక్కే అది, ఏమీ అనుకోడు. నా మోకాలు మాత్రం మెట్లెక్కనంటోంది.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క


సెప్టెంబరు 7

అక్కకి,

కోపంగా ఉన్నప్పుడు రాయకూడదనుకుని రెండు రోజులు ఆగాను. తగ్గలేదు, రాస్తున్నాను.

మోకుల తాతకు మొన్న పేస్‌మేకర్ పెట్టాం. చివరి ఘట్టం దాకా అంతా సవ్యంగానే నడిచింది. భుజం కింది సిరలోంచి తీగ దిగింది, గుండె గోడకు బిగిసింది, కొలతలన్నీ కుదిరాయి. తీగను దించిన గొట్టపు తొడుగు తీసేటప్పుడు తీగ ఆమె చేతిలోంచి నా చేతిలోకి మారాలి. ఆమె వదిలేసింది. అడగలేదు అక్కా. తీగ వెనక్కి జారి, బిగించిన చోటునుంచి ఊడి వచ్చింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అంతసేపు గాయం తెరిచే ఉంది. ముసలి ఒళ్ళు.

మత్తు ఆ చోటికే ఇస్తాం కదా, తాతకు అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. “జన్మంతా మోకులు పేనాను డాక్టరుగారూ, మీరు ఒక్క తాడు కట్టలేకపోయారా” అన్నాడు గుడ్డ కిందనుంచి. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

బయటికొచ్చాక ఆమెను నిలదీశాను. ఎందుకు అడగలేదన్నాను. తల వంచుకుని, “అడిగాను సార్. మీరు ఆగిపోయారు” అంది. నేను ఆగిపోవడమేమిటి? గోడకు వేలాడే గడియారాన్నా నేను? నా కళ్ళు తీగ మీదే ఉన్నాయి. తీగ ఆమె చేతిలో ఉంది, మరుక్షణం ఎవరి చేతిలోనూ లేదు. తప్పు చేసినవాళ్ళను క్షమించొచ్చు. చేసిన తప్పును నేర్పేవాడి మీదికి నెట్టేవాళ్ళ చేతికి కత్తి ఎలా ఇవ్వను? అడగని మాట అడిగానని ఇవాళ అంది. కొలవని కొలత కొలిచానని రేపు అంటుంది.

ఆమె శిక్షణ నిలిపివేస్తున్నట్టు నీ సంతకంతో కాగితం పంపు. నేను చెబితే సూపరింటెండెంటు వినడు. ఆయనకు కాగితం ఉంటేనే మనిషి ఉన్నట్టు.

ఇంట్లో నీ మరదలితో కూడా గొడవ. ఆమెకిష్టమైన నీలం కప్పు నా చేతిలోంచి జారి పగిలింది. కాఫీ అంతా ఆమె దిద్దుతున్న పరీక్ష పేపర్ల మీద పడింది. ఈ వారం నా చుట్టూ అందరూ ఏదో ఒకటి వదిలేస్తున్నారు, చివరికి నేను కూడా.

తమ్ముడు


సెప్టెంబరు 14

తమ్ముడూ,

నువ్వడిగిన కాగితం ఇందులోనే ఉంది. ఒక ప్రతి నేరుగా సూపరింటెండెంటుకు పంపాను. నా అనుమతి మళ్ళీ వచ్చేదాకా ఆమె పేస్‌మేకర్ పనిలో చెయ్యి పెట్టకూడదని స్పష్టంగా రాశాను. తీగను అడగకుండా వదలడం కన్నా, వదిలి అడిగాననడం నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఈ పనిలో మనకు ఉన్నది నోటిమాట మీద నమ్మకమే.

అయినా సంతకం పెట్టాక కాసేపు కలం పక్కన పెట్టలేకపోయాను. పెద్ద సిస్టర్ ఆ గదిలోనే ఉండి ఉండాలి. ఆమె ఏమంది? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. వచ్చే పడవకు రాయి.

నిన్ను నమ్మక ఎవర్ని నమ్మాలి అనుకునే సంతకం పెట్టాను. తాత గాయాన్ని రోజూ నువ్వే చూడు. రెండుసార్లు తెరిచిన చోటు చీము పట్టడానికి వంక వెతుక్కుంటుంది.

నీలం కప్పు నేను కొని పంపుతానని మరదలికి చెప్పు. 

అక్క


సెప్టెంబరు 26

అక్కకి,

నీ కాగితాన్ని సూపరింటెండెంటు నోటీసు బోర్డుకు గుచ్చాడు. పక్కనే పోయిన గొడుగు గురించిన ప్రకటన ఉంది. దాని కింద ఎవరో నవ్వే బొమ్మ గీశారు. ఆమె ఒక్కసారి ఆగి చదివి, అవుట్‌పేషెంటు గదికి వెళ్ళి జ్వరాలు చూస్తూ కూర్చుంది. రేపటి పడవకు వెళ్ళిపోతుంది. ఈ ఉత్తరమూ ఆమే ఒకే పడవలో నీ ఒడ్డుకు చేరతారు.

పెద్ద సిస్టర్ ఏమందని అడిగావు. ఆమె అప్పుడు సామాను బల్ల వైపు తిరిగి ఉందట, చూడలేదట. తాతను కూడా అడిగాను. “ఆ పిల్ల రెండుసార్లు అడిగింది బాబూ, మీరే పలకలేదు” అన్నాడు. నొప్పిలోనూ భయంలోనూ ఉన్న మనిషి, గుడ్డ కింద ఏది ఎవరి గొంతో అతనికేం తెలుసు?

అతని గాయం చెమ్మగా ఉంది. మందు మార్చాను.

వెళ్ళబోయే ముందు ఆమె నా గదికి వచ్చింది. క్షమాపణ చెబుతుందేమోననుకున్నాను. ఏమడిగిందో తెలుసా? “సార్, మీకు ఒక్కసారి ఈసీజీ తీయనిస్తారా” అని. నేర్పేవాడికే పరీక్ష. బయటికి నడవమన్నాను. ఆమె జబ్బు అంటువ్యాధిలా ఉంది. నిన్న సిస్టర్‌ని పక్కన పెట్టుకుని ఒకరికి యంత్రం మారుస్తుంటే, సిస్టర్ ఉన్నట్టుండి “సార్” అని అరిచి నా మణికట్టు పట్టుకుంది. ఏమైందంటే ఏమీ లేదంటుంది. ఇంట్లో నీ మరదలిది ఇంకో పాట. నేను మాటల మధ్యలో మిగతాది మింగేస్తున్నానట. “పెళ్ళైన కొత్తలో నన్ను మాట్లాడనిచ్చేవారు కాదు. ఇప్పుడు మీరే సగంలో ఆపి గోడకేసి చూస్తారు. మీ మాట మీకే విసుగొచ్చిందా” అంటుంది. 

గాలి మారింది. రేవులో పడవలను ఒడ్డుకు లాగి కడుతున్నారు. ఈ నెలల్లో నేనొక్కణ్ణే మిగిలాను, ఏం చేస్తాం

పైన గీత చూసి నవ్వకు. కలం జారి కాగితం కిందిదాకా పోయింది. తిరగరాసే ఓపిక లేదు.

తమ్ముడు


సెప్టెంబరు 30

తమ్ముడూ,

నిలబడి చదువుతుంటే కూర్చో. ఇది అక్క మాట కాదు, డాక్టరు మాట.

నిన్న షరతు తప్పి ఫోన్ చేశాను. “నాకే పేస్‌మేకర్ రాస్తున్నావా అక్కా, బాగానే ఉంది” అని నవ్వి పెట్టేశావు. మళ్ళీ చేస్తే గంట మోగలేదు. గాలికి తీగలు తెగాయని ఎక్స్ఛేంజిలో చెప్పారు. అందుకని నవ్వి పెట్టెయ్యడానికి వీల్లేనట్టు రాస్తున్నాను.

నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి, ఒక కొత్త రోగి చరిత్ర చదివినట్టు చదివాను. తడిదారిలో సైకిలు జారితే పక్కకు పడతావు. నువ్వు నేరుగా వెళ్ళి గోడను గుద్దావు. కప్పు నీ చేతిలోంచి పడింది, ఎవరూ నిన్ను కదపలేదు. మాట సగంలో ఆపి గోడకేసి చూస్తావని నీ భార్య చెబుతోంది. సిస్టర్ నీ మణికట్టు పట్టుకుంది. తాత గుడ్డ కిందనుంచి విన్నాడు, చూపు అడ్డుపడని చెవికి మనకన్నా బాగా వినిపిస్తుంది. చివరికి నీ కలం ‘ఏం చేస్తాం’ దగ్గర ఆగి, కాగితం అంచుదాకా ఈడ్చుకుపోయింది. ఆ గీత నా ముందుంది. మొదట సన్నగా వణికి, తరువాత బరువు తేలిపోయి, చివర మళ్ళీ గట్టిగా నొక్కుకుంది. అక్కడ నీకు స్పృహ తిరిగి వచ్చింది. ఆ పిల్ల చెప్పిన మాటే సరైన రోగనిర్ధారణ. నువ్వు ఆగిపోయావు.

నీ గుండె అప్పుడప్పుడు కొన్ని క్షణాలు నిలిచిపోతోంది. కొన్ని క్షణాలకే తిరిగి అందుకుంటోంది గనుక ఇంకా ఉత్తరాలు రాస్తున్నావు. అందుకోని రోజు ఒకటి వస్తుంది. ఇవాళ్టినుంచి సైకిలు ఎక్కకు. మెట్ల మీద ఒంటరిగా నడవకు. ఎవరి ఒంటి మీదా కత్తి పెట్టకు. ఈసీజీ తీయించుకో, అది బాగుందని సంబరపడకు, రోజంతా లయ రాసే యంత్రం తగిలించుకో. ఈ ఉత్తరం తెచ్చిన పడవలోనే ఎక్కి నా దగ్గరకు వచ్చెయ్యి.

ఆమె శిక్షణ నిలిపివేతను రద్దు చేస్తున్న కాగితం జత చేశాను. నీ ఉత్తరం చదవగానే, ఆమె కూడా అదే పడవలో దిగి ఉంటుందని రేవుకు నేనే వెళ్ళాను. ఆమె సామాను పెట్టె దిగింది. మనిషి దిగలేదు. అక్కడే ఉండిపోయి ఉండాలని నా ఆశ. ఉంటే ఆమెను నీ పక్కనుంచి కదలనివ్వకు. నేను క్షమాపణ అడిగానని చెప్పు. సంతకం పెట్టేముందు సాక్షిని అడగాలని ఊరందరికీ నేర్పే మనిషిని, నువ్వు తమ్ముడివి కదా అని అడగకుండా పెట్టాను.

అక్క


అక్టోబరు 6

తమ్ముడూ,

నా ఉత్తరంతో బయల్దేరిన పడవ సగం దూరం వెళ్ళి వెనక్కి వచ్చేసింది. సంచి హార్బరు ఆఫీసులో, తాడు కూడా విప్పకుండా, గోడ పక్కన పడి ఉంది. ఇదీ దానిలోకే వెళ్తుంది. అందదని తెలిసి రాస్తున్నాను. రాయకపోతే చేతులు ఏం చేయాలో తెలియడం లేదు.

రోజూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్తాను. అక్కడి గుమాస్తా నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతాడు. ఇవాళ నేను గుమ్మం ఎక్కకముందే ఊపాడు. చిన్న నావ ఏదైనా మాట్లాడమంటే, “మిమ్మల్ని ముంచిన పాపం నాకెందుకమ్మా” అన్నాడు ఒక సరంగు. నువ్వు పడి ఉన్నావో, నడుస్తున్నావో, ఎవరి గుండెలో తీగ పట్టుకుని నిలబడి ఉన్నావో తెలియదు. ఈ మూడింటిలో దేనికి ఎక్కువ భయపడాలో కూడా తెలియదు.

నిన్న క్లాసులో ఇదే జబ్బు చెప్పాల్సి వచ్చింది. గుండె పై గదులు కబురు పంపుతూనే ఉంటాయి, మధ్యలో దారి తెగడం వల్ల కింది గదులకు అందదు, కబురు అందక అవి ఊరుకుంటాయి అని చెబుతూ అక్కడే ఆగిపోయాను. పిల్లలు కలాలు పట్టుకుని చూస్తున్నారు. “మేడమ్, నీళ్ళు తాగండి” అని ఒకడు గ్లాసు తెచ్చాడు.

నీ ఒడ్డుకు నేను పంపిన కాగితాలు రెండు. తప్పుడుది చేరింది. సరైనది సంచిలో ఉంది.

ఆమె పెట్టె నా గదిలోనే పెట్టుకున్నాను.

అక్క


అక్టోబరు 29

అక్కకి,

రేపు గాలి కాస్త తెరిపి ఇస్తుందట, ఒక పడవ వెళ్తుందట. అక్షరాలు వంకరగా ఉంటే ఎడమచెయ్యి భుజానికి కట్టేసి ఉందని, కాగితం పట్టుకునేవాళ్ళు లేరని అర్థం చేసుకో. బతికే ఉన్నాను.

ఫోనులో నీ మాట విని నవ్వినవాణ్ణి, పెట్టేశాక చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు. అయినా మర్నాడు సైకిలెక్కాను. నీ నుంచి ఇక ఒక్క ముక్క కూడా రాలేదు. ఫోను పెట్టేసినందుకు కోపమొచ్చి, చావనీ అనుకున్నావనుకున్నాను.

వెళ్ళిపోవాల్సిన రోజు డాక్టరమ్మ పడవ ఎక్కలేదు. పెట్టె ఎక్కించేసి, సరంగు పిలుస్తుంటే వెనక్కి తిరిగి తాత మంచం దగ్గరకు వచ్చేసింది. “ఆయన గాయం ఎవరూ చూడటం లేదు” అందట సిస్టర్‌తో. నేను చూస్తూనే ఉన్నాను అక్కా. చూస్తున్నాననే అనుకున్నాను. నీ కాగితం గాయం కట్టడానికి అడ్డు చెప్పలేదు, జ్వరాలు చూడటానికి అడ్డు చెప్పలేదు. అవే చేస్తూ ఉండిపోయింది.

అక్టోబరు మొదట్లోనే వార్డు వరండాలో పడిపోయాను. ఈసారి గుండె తనంతట తాను అందుకోలేదు. ఆమె ఛాతీ మీద మోదుతూనే నన్ను లోపలికి మోయించి, మెడ దగ్గరి సిరలోంచి తాత్కాలికపు తీగ దించి, గుండెను బయటినుంచి నడిపే యంత్రపు పెట్టెకు కలిపి నడిపించింది. అది ప్రాణం మీదికొచ్చిన పని గనుక సూపరింటెండెంటు కళ్ళు మూసుకున్నాడు. నేను ఆ పెట్టెతో పడుకుని పడవ కోసం ఎదురుచూడొచ్చు. కాని తాత గాయంలో పట్టిన చీము రక్తంలోకి పాకింది. అతని ఒంట్లోంచి యంత్రాన్నీ తీగనూ తీసేయాలి, తీసేసి ఉంచినన్నాళ్ళూ బయటి పెట్టెతో నడిపించాలి. మా ఆసుపత్రికి పెట్టె ఒక్కటే. అది నా పక్కలో ఉంది.

నాకు లోపల యంత్రం పెట్టేస్తే పెట్టె అతనికి వెళ్తుంది. పెట్టాల్సింది ఆమె. సూపరింటెండెంటు నోటీసు బోర్డునుంచి నీ కాగితం పీకి తెచ్చి ఆపరేషను గది గుమ్మంలో నిలబడ్డాడు. “ఇది రద్దు కానిదే నువ్వు లోపలికి వెళ్ళడానికి లేదమ్మా. రేపు ఏమైనా అయితే నా పీకకు చుట్టుకుంటుంది” అన్నాడు. స్ట్రెచరు మీద నేను, పక్క వార్డులో తాత. అప్పుడు విన్నాను ఆమె గొంతు. “దీని మీద సంతకం చేసినావిడ ఇక్కడుంటే మొదట ఈయన నాడి చూస్తారు సార్, ఆ తరవాతే నా సంగతి చూస్తారు. మీరూ ఆ వరసలోనే కానివ్వండి” అంది. సిస్టర్ ఆయన భుజం పట్టుకుని పక్కకు జరిపింది, సామాను బీరువాను జరిపినట్టు.

గుడ్డ కింద పడుకున్నాక నా అలవాటు పోలేదు. కోణం తగ్గించు, ఇంకా లోపలికి, తొందరపడకు అంటూ చెబుతూనే ఉన్నాను. “సార్, ఇప్పుడు మీరు పేషెంటు. మాట్లాడకండి” అంది. ఊరుకున్నాను. తీగ గోడకు బిగిశాక, తొడుగు తీసే ఘట్టం వచ్చింది. నేను నిలబడే చోట సిస్టర్ నిలబడింది.

“వదలొచ్చా?”

సిస్టర్ పలకలేదు. చేతి తొడుగు సరిచేసుకుంటోందట. ఆమె మళ్ళీ అడిగింది, అదే గొంతుతో, విసుగు లేకుండా. మళ్ళీ నిశ్శబ్దం. తాత విన్నది ఇదే. అతనిలాగే పడుకుని, అతను విన్న చోటునుంచే వింటున్నాను. ఆ రోజు కూడా ఆమె ఇలాగే రెండోసారి అడిగి, ఇలాగే ఆగింది. అలా ఆగే మనిషి వేలు సడలించదు. పలకకముందే చాచి తీగను అందుకున్న నా చెయ్యే, మరుక్షణం స్పృహ తప్పి తెరుచుకుంది.

“పట్టుకున్నానమ్మా” అంది సిస్టర్.

పెట్టె తాతకు వెళ్ళింది. అతని లోపలివన్నీ తీసేసి, మందులు మార్చి, ఆమె పక్కనే ఉంది. నాలుగైదు రోజులు నిలిచాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అతని దగ్గరకు తోసుకెళ్ళారు. తీగ వదిలింది ఆమె కాదు, నేను అని చెప్పాను. “తెలుసు బాబూ” అన్నాడు. “మోకు తెగితే పేనినవాణ్ణి తిడతారు. కట్టినవాణ్ణెవరూ అడగరు” అన్నాడు. అదే చివరి మాట. కొడుకులు రేవులో పని ఆపి వచ్చి తీసుకెళ్ళారు. వాళ్ళకూ చెప్పాను.

ఇప్పుడు పడుకుని నేను పెట్టిన పేస్‌మేకర్లన్నీ తలుచుకుంటున్నాను. ఎవరి దగ్గర ఆగిపోయానో నాకు తెలియదు. నువ్వు రాసినట్టు అతుకు కనిపించదు. నా గుండెను కదిలించడానికి కావలసిన కరెంటు వారం వారం కాస్త పెరుగుతోందని ఆమె చెప్పింది. నాకు దాచకుండా చెప్పింది. ఇంకా పెరిగితే మళ్ళీ తెరవాలేమో.

సూపరింటెండెంటు పై ఆఫీసుకు రాశాడు. నిలిపివేతలో ఉన్న డాక్టరు ఆపరేషను చేసింది, రోగి ఒకరు చనిపోయారు అని. రెండూ నిజాలే. పక్కపక్కన పెడితే మాత్రం అబద్ధమవుతుంది. విచారణకు మనుషులు వస్తారట. ఆమె తన వైపునుంచి ఏమీ చెప్పదు, నీకు తెలుసు. ఫిర్యాదు చేసినవాణ్ణీ నేనే, ఆమె చేతిలో బతికినవాణ్ణీ నేనే, నా మాట ఎవరు నమ్ముతారు? నేనిక తీగ పట్టను అక్కా. ఎవరికీ నేర్పను. ఈ పిల్లను పట్టుకునే బలం కూడా ఈ చేతిలో లేదు.

వదలొచ్చా?

తమ్ముడు


నవంబరు 2

తమ్ముడూ,

నీ ఉత్తరం హార్బరు ఆఫీసు బల్ల మీదే చదివాను. నా ఉత్తరాలు రెండూ అదే గదిలో గోడ పక్కన సంచిలో ఉన్నాయి. చావనీ అనుకున్నావనుకున్నానని రాశావు. సంచి వస్తోంది, తాడు విప్పి చదువుకో.

తాత గురించి నిన్ను ఓదార్చే మాట నా దగ్గర లేదు. ఆ కాగితం మీది సంతకం నాది గనుక నీతోపాటు నేనూ ఆ ఇంటికి వెళ్ళి కూర్చుంటాను. నువ్వు పేస్‌మేకర్ పెట్టినవాళ్ళందరినీ ఒక్కొక్కరినే పిలిచి కొలుద్దాం. ఆమె కొలుస్తుంది, నువ్వు చూస్తావు. నీ కరెంటు పెరగడానికి భయపడకు. మొదటి వారాల్లో తీగ మొన చుట్టూ వాపు ఉంటుంది, చాలామందిలో తగ్గుతుంది. తగ్గకపోతే తెరుస్తాం. అప్పుడు గుమ్మంలో అడ్డుపడేవాళ్ళుండరు.

విచారణకు వచ్చే మనుషుల్లో ఒకరి స్థానం నాది. రోగి అక్కను గనుక దాన్ని వదులుకుని, సాక్షిగా వస్తున్నాను. సాక్షి మాట వినకుండా ఏదీ రాయకూడదని వాళ్ళలో ఇద్దరికి నేనే నేర్పాను.

పడవ కదలబోతోంది. సముద్రం ఇంకా మంచిగా లేదు, సరంగు నన్ను చూసి తల అడ్డంగానే ఊపాడు గాని ఈసారి చెయ్యి అందించాడు. ఆమె పెట్టె నా ఒళ్ళో ఉంది. మరదలికి నీలం కప్పు అందులోనే, ఆమె బట్టల మధ్య చుట్టి పెట్టాను. ఈ కాగితం నాకన్నా ముందు నీకు చేరే దారి లేదు. గుమ్మంలో నిలబడి నేనే చేతికిస్తాను. అయినా రాస్తున్నాను, మన షరతు అది గనుక.

పట్టుకున్నాను.

అక్క